దానమ్మ మీద రెండు కథలు

జోసెఫ్ మాస్టారి చేతిలో స్టీలు గిన్నె, దాని నిండా మడతపెట్టిన చీటీలు. ఏలూరులో ఒక సాహితీ సమితి పెట్టిన రెండు రోజుల కథా శిబిరం అది. వచ్చిన పాతికమందీ తలా ఒక చీటీ తీసుకోవాలి. ఒక్కో చీటీలో ఒక్కో మూలపాత్ర పేరుంటుంది. వీరుడు, గురువు, ద్రోహి, మాయలమారి, అలాంటివి. లోకంలోని కథలన్నీ ఈ పది పన్నెండు అచ్చుల్లోంచే వచ్చాయని ఆయన పొద్దుటి నుంచీ చెబుతూనే ఉన్నారు.

భాగ్యశ్రీ తాడేపల్లిగూడెంలో ఒక జూనియర్ కాలేజీలో పదకొండేళ్లుగా తెలుగు చెబుతోంది. ఎవరో రాసిన కథలకి ప్రశ్నలూ జవాబులూ రాయించి రాయించి విసిగిపోయి, ఈసారి తనే ఒకటి రాద్దామని వచ్చింది. మాయలమారి వస్తే బాగుండునని చెయ్యి పెట్టింది. విప్పితే 'తల్లి' అని ఉంది. మార్చుకుంటాడేమోనని పక్కాయన వైపు చూసింది. ఆయన తన చీటీ జేబులో పెట్టేసుకున్నాడు.

"అచ్చుతో మొదలుపెట్టండి, అచ్చు దగ్గరే ఆగిపోకండి," అన్నారు మాస్టారు. "చీటీకి సరిపోయే మనిషిని ఒకర్ని వెతుక్కోండి. తర్వాత ఆ మనిషిలో చీటీకి సరిపోనివి ఓ మూడు పట్టుకోండి. పాత్ర పుట్టేది అక్కడే."

సొంత తల్లి మీద రాస్తే ఇంట్లో చదువుతారు. అందుకని శిబిరం నుంచి తిరిగొచ్చాక భాగ్యశ్రీ కాలేజీ అటెండరు వరదానాన్ని అడిగింది, కష్టపడి పిల్లల్ని పెంచిన తల్లి ఎవరైనా తెలుసా అని.

"మా పిన్ని ఉందండి మండవల్లిలో, దానమ్మ. చేపల షెడ్డులో పనండి. మా బాబాయి పోయాక ఒక్కత్తే కొడుకుని పెంచి, హాస్టల్లో వేసి చదివించిందండి. వాడిప్పుడు ఏలూరులో ఏసీలు రిపేరు చేస్తాడు," అన్నాడు వరదానం.

ఇంకేం కావాలి? ఆ శనివారమే మండవల్లి వెళ్లింది.

షెడ్డులో ఆడవాళ్లు చెరువుల నుంచి వచ్చిన చేపల్ని ఐసు ముక్కల మధ్య ప్లాస్టిక్ ట్రేలలో సర్దుతున్నారు. అరవై దాటిన దానమ్మ మోపెడ్ మీద వచ్చి, స్టాండు వేసి, కొంగు నడుముకి దోపుకుంది. భాగ్యశ్రీకి ఒక ట్రే బోర్లించి కూర్చోబెట్టింది.

"అబ్బాయికి పెట్టి మీరు పస్తున్న రోజులు ఉండే ఉంటాయి కదండీ?" అంది భాగ్యశ్రీ నోట్‌బుక్ తెరిచి.

"పస్తెందుకండీ? నేను పడిపోతే వాడికెవరు వండుతారు? ముందు నేనే తినేదాన్నండి, వేడివేడిగా. ఆకలేస్తే నాకు కోపం ఎక్కువండి."

"హాస్టల్లో వేసిన రోజు బాగా ఏడ్చుంటారు."

"వాడేడ్చాడండి. నేనింటికొచ్చి పొద్దు వాలేదాకా పడుకున్నాను. అంత నిద్ర పెళ్లయ్యాక అదే మొదలండి."

మనవణ్ణి చూసుకోవడానికి వచ్చి ఉండమని కోడలు బ్లెస్సీ అడిగితే, ఆదివారం ఆరాధన అయ్యాక తప్ప కుదరదని చెప్పిందట. మోపెడ్ యాభై రెండో ఏట నేర్చుకుందట. నేర్పేవాళ్లెవరూ లేక చెరువుగట్టు మీద తనే నడిపి, రెండుసార్లు నీళ్లలో పడిందట. ఆ సంగతి ఎంతో ఇష్టంగా చెప్పింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆడవాళ్లంతా అష్టాచెమ్మా వేశారు. దానమ్మ తనకి కావలసిన పందెం పడేలా చింతపిక్కని చిటికెనవేలితో మెల్లగా తిప్పడం భాగ్యశ్రీ కళ్లారా చూసింది. చూసినట్టు దానమ్మకీ తెలిసింది.

మాస్టారు మూడు అడిగితే ఆరో ఏడో దొరికాయి. భాగ్యశ్రీ పది రోజులు కష్టపడి ఉన్నదున్నట్టు రాసి, శిబిరం కథలకి సమితి వాళ్లు పెట్టిన పోటీకి పంపింది.

వారానికి సమితి కార్యదర్శి వెంకట్రాజుగారు ఫోన్ చేశారు. బ్యాంకులో రిటైరైన మనిషి, మాట మెత్తన.

"కథ బావుందమ్మా. కాకపోతే ఆ తల్లే సహజంగా లేదు."

"ఆవిడ నిజంగా ఉన్న మనిషండీ. ఆ మాటలన్నీ ఆవిడ అన్నవే."

"అనే ఉంటుందమ్మా, కాదనట్లేదు. నిజమే కావచ్చు. సహజంగా లేదంటున్నాను. ఏ తల్లైనా ముందు తను తింటుందా? కాస్త సరిచేసి పంపండి, గడువింకా నాలుగు రోజులుంది. బహుమతి కథలు మా వార్షిక సంచికలో వేస్తున్నాం."

సంచికలో వేస్తారన్న మాట దగ్గర భాగ్యశ్రీ పట్టుదల కాస్త సడలింది. ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే రెండు గంటల్లో రెండో కథ అయిపోయింది. ఎక్కడా పెన్ను ఆగలేదు. గంజి నీళ్లు వచ్చాయి, చిరుగుల చీర వచ్చింది, జ్వరంతో పనికి వెళ్లడం వచ్చింది, కొడుకు పళ్లెంలో ఆఖరి ముద్ద పెట్టి 'నేను తినేశాను నాన్నా' అనే అబద్ధం వచ్చింది. రాస్తుంటే తనకే కళ్లలో నీళ్లు తిరిగాయి. మొదటి కథకి తిరగలేదు కాబట్టి ఇదే మంచి కథ కాబోలు అనుకుంది.

రెండో బహుమతి వచ్చింది. "ఆ తల్లిని కూడా తీసుకురండమ్మా, శాలువా కప్పుదాం," అన్నారు వెంకట్రాజుగారు.

ఆ తల్లికి ఈ కథ సంగతే చెప్పలేదు భాగ్యశ్రీ. మళ్లీ మండవల్లి వెళ్లి, దానమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని, దాచకుండా రెండు కథలూ చదివి వినిపించింది.

మొదటిది విని దానమ్మ మొహం చిట్లించింది. "అష్టాచెమ్మా సంగతెందుకండీ రాశారు? షెడ్డులో తెలిస్తే నన్నిక ఆడనిస్తారా?"

రెండోది వింటూ ముక్కు చీదింది. అయ్యాక, "పాపం, ఎవరండీ ఆవిడ?" అంది.

"మీరేనండీ," అంది భాగ్యశ్రీ నేల చూస్తూ. "వాళ్లు అలా ఉంటేనే వేస్తామన్నారు."

దానమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "శాలువా ఆవిడకేనా?"

"అవునండి."

"భోజనాలున్నాయా?"

"ఉన్నాయండి."

"అయితే వస్తానండి. మీరు కంగారు పడకండి."

సభ రోజున దానమ్మని చూసి భాగ్యశ్రీ గుర్తుపట్టలేదు. వెలిసిపోయిన నేత చీర, భుజం దగ్గర మాసిక, చేతులకి గాజుల్లేవు. నడకలో కూడా ఏదో తేడా. వెంకట్రాజుగారు శాలువా కప్పి, రెండు మాటలు చెప్పమన్నారు. దానమ్మ మైకుకి దూరంగానే నిలబడింది.

"నాకేం తెలుసండీ..." అంది. ఆగింది. "వాడు తింటే నా కడుపు నిండేదండి." కొంగు కళ్లకద్దుకుని మరి మాట్లాడలేకపోయింది.

వెంకట్రాజుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. 'చూశారా, ఎంత సహజంగా ఉందో' అన్నట్టు భాగ్యశ్రీ వైపు తలూపారు. అంతా తెలిసిన భాగ్యశ్రీ కూడా చేతిరుమాలు వెతుక్కుంది. జోసెఫ్ మాస్టారు మాత్రం ఆఖరి వరసలో కూర్చుని దానమ్మనే తదేకంగా చూస్తున్నారు, తన శిబిరానికి ఈవిడెందుకు రాలేదా అన్నట్టు.

అప్పుడే తలుపు దగ్గర ఎవరో పెద్దగా వెక్కిన చప్పుడైంది. జీవన్. వరదానం ఫోన్ చేస్తే పని మధ్యలోంచి వచ్చిన కొడుకు. వేదిక ఎక్కి తల్లి కాళ్ల మీద పడ్డాడు. చప్పట్లు ఐదు నిమిషాలు ఆగలేదు. ఆ హడావిడిలో దానమ్మ మొహం చూసింది భాగ్యశ్రీ ఒక్కతే. మొదటిసారి ఆ మొహంలో నిజమైన కంగారు కనిపించింది.

సభ అయిన పన్నెండో రోజున దానమ్మ నుంచి ఫోనొచ్చింది.

"మేడంగారూ, మీరొకసారి రావాలండి. వీడు నన్ను ఏలూరు తెచ్చి కూర్చోబెట్టాడు. షెడ్డు మానిపించాడు. మోపెడ్ తాళం తీసి దాచేశాడు. పూటకి మూడుసార్లు తిన్నావా అని అడుగుతున్నాడు. కోడలు నేను కంచం కడిగితే లాగేసుకుంటోంది. ఇది మీ కథ వల్ల వచ్చింది కదండీ, మీరే వచ్చి వాడికి చెప్పండి."

భాగ్యశ్రీ ఏలూరు వెళ్లింది. జీవన్ కుర్చీ వేసి, నమస్కారం పెట్టి, "మీరు రాయకపోతే మా అమ్మ నా కోసం ఏం చేసిందో నాకు తెలిసేది కాదండి," అన్నాడు. ఆ మాట విన్నాక సంచీలోంచి కాగితాలు తీయడానికి చేతులు రాలేదు. అయినా తీసి, ఎవరూ వెయ్యని మొదటి కథ చదివింది.

జీవన్ మొదట మొహం గంటు పెట్టుకున్నాడు. ముందు తనే తినేదన్న చోట తలెత్తాడు. హాస్టలు రోజు నిద్ర దగ్గర "అమ్మా!" అన్నాడు. చింతపిక్క దగ్గరికొచ్చేసరికి ఇక ఆపుకోలేక నవ్వాడు. వంటింట్లోంచి బ్లెస్సీ కూడా నవ్వింది.

"ఇది మా అమ్మేనండి," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "నాతో ఆడినా అంతే. చిన్నప్పుడు ఒక్క ఆటా గెలవనివ్వలేదు." లేచి బీరువా మీంచి తాళం తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. అంతలోనే ఆగాడు. "మరి ఆ పస్తులూ అవీ? అంతా ఉత్తదేనా?"

దానమ్మ తాళం కొంగున ముడేసుకుంటూ చెప్పింది. "కొల్లేరు పొంగిన ఏడు నాలుగు రోజులు నాకు తిండి లేదురా. నీకు గుర్తుండదు. గట్టు మీద ఉన్నాం, ఉన్నది నీకు పెట్టాను."

బ్లెస్సీ గరిటెతోనే గుమ్మంలోకి వచ్చింది.

"నాకు చెప్పలేదేవండీ?" అంది భాగ్యశ్రీ. "నేనడిగాను కదా."

"అందులో చెప్పడానికేముందండీ? ఆ గట్టు మీద ఆడవాళ్లందరూ అదే చేశారు. మీరు అంత దూరం నుంచి నా గురించి రాసుకుంటానని వచ్చారు కదా అని, నావే చెప్పాను." గొంతు తగ్గించి, "అది మాత్రం రాయకండి మేడంగారూ," అంది.

"రాయనండి," అంది భాగ్యశ్రీ.

మనస్ఫూర్తిగానే అంది. సాయంత్రం ప్యాసింజరులో కిటికీ పక్కన చోటు దొరికింది. భీమడోలు దాటేదాకా బయటి చెరువుల్ని చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత కాగితాలు ఒళ్లో పెట్టుకుని, పెన్ను మూత తీసి, ఎదురుగా కూర్చున్నవాళ్లకి కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, 'గట్టు' అని పేరు రాసింది.