మెడదాకా నింపిన రాగికుండ

గొట్టంలోంచి చుక్కలు పడే చప్పుడు మారిందని అందరికంటే ముందు కనిపెట్టింది నిల్జా తల్లి జెనాయిదె. తుంటి విరిగినప్పటి నుంచీ ఆవిడ ఎవరైనా పట్టుకుని లేపితే తప్ప లేవలేదు. జూన్ వాళ్ళకి నడి చలికాలం. ఆ చలికి ఓర్చుకోలేక, పెరట్లోని పెంకుల వంటసాలలో సారా పొయ్యి పక్కనే కుర్చీ వేయించుకుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"అల్లుడూ, నీ సారా దగ్గుతోందేమిటయ్యా?" అంది.

అదాల్బెర్తో నవ్వాడు. జీవితమంతా బస్సుల కింద దూరి ఇంజన్లు బాగుచేసిన మనిషి. రిటైరయ్యాక ఖాళీగా కూర్చోలేక ఓ రాగికుండ, దాని మీద బోర్లించే రాగి టోపీ, టోపీలోంచి నీళ్ళ పీపాలోకి దిగే గొట్టం కొనుక్కొచ్చి, చెరుకు సారా కాయడం నేర్చుకున్నాడు. అమ్మడానికి కాదు, సరదాకి. ఊళ్ళో ఎవరింటికి వెళ్ళినా ఓ సీసా పట్టుకెళ్ళి, వాళ్ళు గుక్కవేసి కళ్ళు మూసుకునేదాకా ఎదురుగా నిలబడేవాడు.

"దగ్గడం కాదత్తా, ఉత్సాహం. మనవరాలి బాప్తిస్మం సారా కదా!"

నిల్జా గొట్టం కింద పెట్టిన గిన్నెలోకి తొంగి చూసింది. ఎప్పుడూ కన్నీటిలా తేటగా పడే సారా ఇవాళ బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. గొట్టం కాసేపు ఆగి, గుడుక్కుమని ఒక్కసారిగా ఉమ్మి, మళ్ళీ ఆగుతోంది.

"ఇదేంటి, ఇలా వాంతి చేసుకుంటోంది? కుండ ఎంతదాకా నింపావు?"

"మెడదాకా."

"సగానికి కొంచెం పైన ఆపాలని నువ్వే చెప్తావుగా!"

"చుట్టాలంతా దిగుతున్నారే. రెండు విడతలు కాచే తీరికెక్కడిది?"

చెరుకు రసం పులవడం కూడా పూర్తి కాలేదని ఆమెకి తెలుసు. పొద్దున అతను వంపుతుంటే రసం పులిసే పీపాలో ఇంకా బుసబుసమంటూనే ఉంది. వడగట్టనూ లేదు. పిప్పితో సహా కుండలోకి పోయింది. అప్పుడే అడ్డుపడాల్సింది. పండగ పూట గొడవెందుకని నోరు మూసుకుంది.

"నురగ పైకొచ్చినట్టుంది. పీపాలో నీళ్ళు వేడెక్కాయి కూడా, చన్నీళ్ళు తెస్తానుండు," అని బకెట్ తీసుకుని అతను పెరటి చివర కుళాయి దగ్గరికి వెళ్ళాడు.

చుక్కలు పూర్తిగా ఆగిపోయాయి.

నిల్జా కుండ వైపు తిరిగింది. కింద మంట భగభగమంటూనే ఉంది. కుండ లోపల ఏదో కుతకుతలాడుతోంది. బయటికి మాత్రం ఏమీ రావడం లేదు. అంటే గొట్టం పూడుకుపోయింది. వచ్చే ఆవిరంతా ఆ కుండలోనే ఉంది.

టోపీకీ కుండకీ మధ్య సందు మూయడానికి మెత్తిన పిండి ముద్ద ఆమె చూస్తుండగానే ఉబ్బింది. ఓ పక్క బీటవేసింది. ఆ బీటలోంచి సన్నగా బుస్సుమని ఆవిరి. ముక్కుపుటాలు మండేంత సారా వాసన.

"అమ్మా, లే!" అని అరిచింది. లేవలేదని తెలిసీ అరిచింది. "అదాల్బెర్తో! రా, తొందరగా!"

జెనాయిదె చేతిలోంచి పళ్ళెం జారి గింజలు నేలంతా దొర్లాయి. "నన్నొదిలెయ్యి, నువ్వు పో. పొమ్మంటున్నానా!" అంది ఆవిడ. ఆ గొంతు నిల్జా ఎప్పుడూ విన్న గొంతు కాదు.

నిల్జా తల్లి కుర్చీ లాగబోయింది. కుర్చీ కాలు నేల గతుకులో ఇరుక్కుని కదల్లేదు. ఆ సారా ఆవిరి మంటదాకా దిగిందంటే భగ్గుమంటుంది, ఇద్దరూ మిగలరు. గ్యాస్ మర చూస్తే సరిగ్గా ఆ బీట కిందే ఉంది. సిలిండర్ దాని వెనకే.

అప్పుడు గుమ్మంలో అదాల్బెర్తో కనిపించాడు. చేతిలో నిండు బకెట్. నోరు తెరుచుకుని ఉంది. "మర కట్టెయ్యి!" అని నిల్జా కేకపెట్టింది. అతను కదల్లేదు. బకెట్లో నీళ్ళు మాత్రం వణుకుతూ అతని కాళ్ళ మీద ఒలుకుతున్నాయి.

ఇంక అతను రాడని ఆమెకి అర్థమైంది.

నిల్జా పక్కనున్న తడి తువ్వాలు తలమీద కప్పుకుని, నేలమీద పాకింది. మోకాళ్ళ కింద చిక్కుడు గింజలు గుచ్చుకుంటున్నాయి. నెత్తిమీద బుస. దేవుడి పేరు తలుచుకుందామంటే పేరే గుర్తుకు రాలేదు. చెయ్యి చాపి మర పట్టుకుని తిప్పింది. మంట భగ్గున పెద్దదైంది! అటు కాదు, ఇటు. వేళ్ళు చెప్పిన మాట వినడం లేదు. రెండో చెయ్యి కూడా వేసి తిప్పింది. మంట టప్పుమని ఆరింది.

ఆ మరుక్షణమే పిండి ముద్ద ఊడింది. టోపీ ఎగిరి వాసానికి కొట్టుకుంది. మరుగుతున్న నురగ పెంకుల దాకా లేచి, వానలా కిందికి పడింది. నిల్జా తల్లి మీద బోర్లా పడి ఆవిణ్ణి కప్పేసింది. ఎడమ భుజం మీద ఎవరో కొలిమిలో కాల్చిన అట్లకాడ పెట్టినట్టయింది.

ఆమె అరుపుకి అదాల్బెర్తోలో ప్రాణం కదిలింది. పరిగెత్తుకొచ్చి బకెట్ మొత్తం ఆమె భుజం మీద కుమ్మరించాడు. ఇంకో బకెట్ తెచ్చాడు. ఇంకోటి. ఆమె చాలంటున్నా తెస్తూనే ఉన్నాడు.

"అమ్మా, నీకేం కాలేదుగా?"

"తడిసి ముద్దయ్యాను. ఇంకేం కాలేదు," అని జెనాయిదె కూతురి తల పట్టుకుని ఏడ్చింది.

ఆరోగ్య కేంద్రంలో నర్సు కాలిన చోట కట్టు కట్టింది. మచ్చ మిగులుతుందని చెప్పింది. గొట్టం విప్పి చూస్తే పిప్పీ నురగా కలిసి బిరడాలా బిగుసుకున్నాయి. అదాల్బెర్తో దాన్ని పుల్లతో పొడిచి తీశాడు. బాప్తిస్మానికి మిగిలిన ఆ రెండు రోజులూ భార్య మొహంలోకి సూటిగా చూడలేదు.  ఆమెకి తలుచుకుంటే చాలు, మళ్ళీ ఆ బుస చెవిలో మోగేది.

బాప్తిస్మం రోజు చుట్టాలంతా పెరట్లో చేరారు. కొట్లో కొన్న సారా తాగుతూ పెంకుల మీది మరకలు చూసి ఒకటే నవ్వు.

"ఇంజన్ పేల్చావటగా బావా!" అన్నాడు నిల్జా తమ్ముడు ఒలావో. "మరి మంట ఆర్పిందెవరు?"

"మీ బావే. పరిగెత్తుకొచ్చి మర కట్టేశాడు," అంది నిల్జా, జున్ను రొట్టెలు పంచుతూ.

అదాల్బెర్తో గ్లాసు కింద పెట్టాడు.

"అబద్ధం," అన్నాడు. "నేను గుమ్మంలో నిలబడిపోయాను. కాళ్ళు రాలేదు. పాక్కుంటూ వెళ్ళి ఆర్పింది తనే. వాళ్ళిద్దరూ నా కళ్ళ ముందే పోతారనుకున్నాను. అయినా కాళ్ళు రాలేదు."

నవ్వు ఆగిపోయింది. ఒలావో ఏదో సర్దిచెప్పబోయాడు. జెనాయిదె చెయ్యెత్తి ఆపింది.

"చెప్పాడుగా. ఇంక వదిలెయ్యండి. అల్లుడూ, ఆ రొట్టెల గంప నువ్వు అందుకో, దాని భుజం లేవట్లేదు."

అతను లేచి నిల్జా చేతిలోంచి గంప అందుకున్నాడు. అందుకుంటూ ఆమె వేళ్ళు ఓ క్షణం గట్టిగా పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు.