ముప్పై మీటర్ల గుర్తు

బోధన ఎలా ఉందో రాయమని యూనివర్సిటీ వాళ్ళు కాగితం ఇస్తే కడుపుమండి రాశాను: "ఈయన ఏమీ నేర్పరు. అన్నీ మమ్మల్నే అడుగుతారు."

అబద్ధమా? వ్యాయామ విద్య చివరి సంవత్సరం మాది. లాంగ్‌జంప్‌కి పరుగు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే మా లెక్చరర్, "మీరే కనుక్కోండి. ఒకళ్ళు దూకుతుంటే ఇంకొకళ్ళు పాదం ఎక్కడ పడిందో రాసుకోండి," అనేవాడు. తెలిసినవాడు ఒక్క ముక్క చెప్తే తీరిపోయేదానికి ఇంత రాద్ధాంతమా?

ఒళ్ళు మండి నాన్నకి ఫోన్ చేశాను. నాన్న ముప్పై ఏళ్ళు బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేశాడు.

"దూకే పలక నుంచి వెనక్కి ముప్పై మీటర్లు కొలుచుకో. ఆడపిల్లలందరికీ అంతేనమ్మా," అన్నాడు.

హమ్మయ్య! నేర్పడమంటే అదీ. రోజూ ఆ గుర్తు నుంచే పరిగెత్తాను. నా జంట అమ్మాయిని మేం బక్కది అంటాం. అది దూకే పలక దగ్గర వంగి చూసి, "జానెడు దాటుతున్నావే," అని రాసుకునేది.

"మా నాన్నకంటే నీకు తెలుసా? నోర్ముయ్," అనేదాన్ని.

పరీక్షలో మూడు అవకాశాలు. పాదం పలక దాటకుండా ఒక్కటైనా చెల్లాలి. లేకపోతే డిగ్రీ రాదు, వచ్చే నెల చేరాల్సిన స్కూలు ఉద్యోగమూ పోతుంది.

మొదటిసారి పలక దాటేశాను. ఎర్రజెండా. రెండోసారీ అంతే. లెక్చరర్ వైపు చూస్తే, ఆయన నోరు విప్పితే ఒట్టు! ఏడుపొచ్చింది.

"ఏదే, నీ కాగితం ఇటివ్వు," అన్నాను బక్కదానితో.

"ఇప్పుడు గుర్తొచ్చానా తల్లీ?" అంటూనే ఇచ్చింది. మూడు వారాలుగా ప్రతి వరుసలోనూ జానెడు దాటినట్టే ఉంది. ఎంత మొద్దునో! గుర్తుని జానెడుకి కాస్త ఎక్కువే వెనక్కి జరిపి పరిగెత్తాను. తెల్లజెండా లేచింది.

సాయంత్రం నాన్న ఫోన్ చేశాడు. "నా కొలత పనికొచ్చిందా?"

నాకింకా కోపం దిగలేదు. "రెండుసార్లు ఫౌలయ్యాను నాన్నా! నా అంగ పెద్దది. వెనక్కి జరుపుకుంటే గానీ చెల్లలేదు."

ఎంత జరిపానో రెండుసార్లు అడిగాడు నాన్న.

"మా బళ్ళో ఒకమ్మాయి ఎప్పుడూ పలక దాటేది," అన్నాడు. "నీకు రాదులే పొమ్మని జట్టులోంచి తీసేశాను. బాగా పొడుగ్గా ఉండేదమ్మా."