పది నిమిషాల కొట్టు, ఒక తుమ్ము

నిర్మలాదేవికి గుమ్మం దాటేవాళ్లంటే భయం. వచ్చేవాళ్లతో పేచీ లేదు, పోయేవాళ్లతోనే. భర్త ఒకనాడు విత్తనాల కోసం ఖమ్మం బయల్దేరుతూ "వస్తా" అనడం మరిచి "పోతున్నా" అన్నాడు. అన్నమాట ప్రకారమే పోయాడు. అప్పటినుంచి ఆ ఇంట్లోంచి ఎవరు కదిలినా ఆమె ఎదురుగా నిలబడి, "వస్తా" అనిపించుకున్నాకే దారి ఇస్తుంది.

అలాంటి మనిషి భద్రాచలంలోని తన ఇంటి కింది వాటాను, పొద్దస్తమానం బయటికి పోవడమే పనిగా పెట్టుకున్న కొట్టుకు కిరాయికిచ్చింది!

దాని పేరు చిటికె. ఫోనులో నొక్కితే పది నిమిషాల్లో ఉప్పూ పప్పూ ఇంటికి తెచ్చిచ్చే బెంగుళూరు కంపెనీ. లోపల సరుకుల అరలు, బయట బైకులు. మేనేజరు ఖాలిద్, సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు పని వదిలి వచ్చినవాడు.

మొదటి రోజే రవీందర్ అనే కుర్రాడు బైకు ఎక్కబోతుంటే ఎవరో తుమ్మారు. పై వసారాలోంచి కేక వినిపించింది.

"ఆగు నాయనా! ఒంటితుమ్ము. దిగి కూర్చో. నీళ్లు తాగి వెళ్లు."

"పెద్దమ్మా, పది నిమిషాల్ల పోవాలె," అన్నాడు ఖాలిద్.

"పోవాలె అనకు! వెళ్లి రావాలి అను."

"మా దాంట్ల తుమ్మితే దేవునికి శుక్రియా చెప్తం. మీ దాంట్ల బండి ఆపుతరేంది?"

"చెప్పుకో బాబూ, కూర్చుని చెప్పుకో. ఎవరొద్దన్నారు?"

వారం తిరక్కుండా కుర్రాళ్లందరికీ అలవాటైపోయింది. ఎండన పడి తిరిగేవాళ్లకు అరుగు మీద నీడ, కుండలో చల్లటి నీళ్లు చేదా? తుమ్ము వినపడితే తామే దిగి కూర్చునేవారు. ఎదురుగా కిషన్‌లాల్ కిరాణా కొట్టులో ఎండుమిర్చి బస్తా విప్పిన రోజు ఇక తుమ్ములకు కొదవుండేది కాదు.

కిషన్‌లాల్ గిరాకీ అంతా చిటికె లాగేసుకుంది. మొదట్లో తిట్టాడు. తర్వాత తనే ఫోనులో చక్కెర తెప్పించుకుని తన డబ్బాల్లో పోసుకుని అమ్మడం మొదలుపెట్టాడు. "హోల్‌సేల్ కంటే గీళ్ల తాననే సస్తా, అమ్మా. గీళ్లకు నష్టం, నాకు లాభం. గిదేం యాపారమో!"

నిర్మలాదేవి ఖాలిద్‌ని అడిగింది. "నష్టానికి అమ్మితే ఎలా బతుకుతార్రా?"

"పైసలు మనయి కావు పెద్దమ్మా. ఏ దేశంలనో పంతుళ్ల పింఛను పైసలు ఇన్వెస్టర్లు తెచ్చి పెడ్తరు. ఊరూరా కొట్లు పెరిగినయని చూపెట్టి, షేర్లు బజార్ల అమ్ముకొని ఎగ్జిట్ అయితరు."

"అంటే?"

"అంటే, దీంట్లకెల్లి బయటపడ్తరు."

"వచ్చిందే పోవడానికా!"

ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు. ఏ దేశంలోనో గొంతు చించుకుని పాఠాలు చెప్పినవాళ్ల డబ్బు కిషన్‌లాల్ చక్కెర డబ్బాల్లో కరిగిపోతోందని, పాపం ఆ పంతుళ్ల గురించి కూడా బెంగ పెట్టుకుంది.

అంతలో కబురొచ్చింది. ఇన్వెస్టర్ల తరఫున పద్మప్రియ అనే ఆఫీసరు వస్తోంది, భద్రాచలం కొట్టు ఉండాలో మూయాలో చూడటానికి.

"ఒక్కరోజు, పెద్దమ్మా," అని బతిమాలాడు ఖాలిద్. "ఆమె ఉన్నంతసేపు కిందికి రావద్దు, కేకెయ్యద్దు. కొట్టు మూస్తే నేను మళ్ల మిల్లు గేటు కాడ నిలబడాలె."

"సీతమ్మ తల్లి మీద ఒట్టు," అంది నిర్మలాదేవి. అరుగు మీది కుండ కూడా పైకి పట్టుకుపోయింది.

పద్మప్రియ వచ్చింది. వాచీ చూసుకుంటూ గుమ్మంలో నిలబడింది. బైకులు బారులు తీరాయి. సరిగ్గా అప్పుడే కిషన్‌లాల్ కొత్త మిర్చి బస్తా విప్పాడు.

పద్మప్రియ తుమ్మింది. ఒక్కటే.

రవీందర్ బండి ఆపి దిగాడు. వెనకవాళ్లూ దిగారు. అందరూ బుద్ధిగా అరుగు మీద కూర్చున్నారు. లోపల ఆర్డర్ల తెర ఆలస్యమంటూ ఎర్రబడింది. పైన నిర్మలాదేవి నోట్లో కొంగు కుక్కుకుంది.

"ఏమైంది? కదలరేం?"

"తుమ్మిండ్రు గద మేడం," అన్నాడు రవీందర్. "మీరే."

"అయితే?"

"నీళ్లు రావాలె."

అందరూ పైకి చూశారు. పద్మప్రియా చూసింది. ఖాలిద్ తల పట్టుకున్నాడు. కిందికి రానని, కేకెయ్యనని ఒట్టు పెట్టింది గానీ, నీళ్లు పంపనని నిర్మలాదేవి ఎవరికీ మాటివ్వలేదు. చేదతాడుకు కట్టిన చెంబు పైనుంచి మెల్లగా దిగింది.

పద్మప్రియకు నవ్వాగలేదు. తాగింది. తాగాక నవ్వు పోయింది.

"కొట్టు మూసేది మీ లేటు వల్ల కాదు ఖాలిద్‌గారూ. చిన్న ఊళ్లన్నీ తీసేస్తున్నాం. షేర్లు అమ్మేముందు నష్టాలు తక్కువ కనపడాలి. నిన్ననే తేలిపోయింది."

"మరి మీరెందుకొచ్చిండ్రు?"

"చూశాకే మూశామని చెప్పుకోవాలిగా. వెళ్తాను."

ఒట్టు సంగతి మరిచిపోయింది నిర్మలాదేవి. "వస్తానను తల్లీ!"

పద్మప్రియ తలెత్తి చూసింది. "వస్తానండీ," అంది. రాదని ఇద్దరికీ తెలుసు.

కొట్టు మూసే రోజు వచ్చింది. లారీ కిరాయి దండగని కంపెనీ అరలు కూడా తీసుకుపోలేదు. ఖాలిద్ తాళాలు ఆమె చేతిలో పెట్టి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "పోతున్న" అనడానికి నోరు రాలేదు. "వస్త" అంటే అబద్ధమవుతుంది. ఆమె అతని పెదాల వంకే చూస్తోంది.

ఖాలిద్ తుమ్మాడు. ఆ తుమ్ము చూస్తే నాటకాలవాళ్లు సిగ్గుపడేవాళ్లు. కిషన్‌లాల్ కొట్టులో మిర్చి అయిపోయి రెండు రోజులైంది.

"చూసినవా పెద్దమ్మా, తుమ్ము పడ్డది," అని అరుగు మీద కూలబడ్డాడు.

ఎదుటి కొట్టులోంచి కిషన్‌లాల్ అరిచాడు. "అరే ఖాలిద్, నా సస్తా చక్కెర బంద్ చేసి పోతున్నవ్ గదరా! ఆ అరలల్ల నా సామాన్ పెడ్త, ఫోన్ నేనెత్తుత. పోరగాళ్లతోని ఇండ్లకు పంపిస్తవా?"

"పది నిమిషాల్ల అంటే నాతోని కాదు సేఠ్."

"పది నిమిషాలు ఎవడడిగిండు? పొద్దుగూకే లోపల ఇస్తే చాలు. కూసో, వస్తున్న, మాట్లాడుదం."

నీళ్ల కుండ మళ్లీ అరుగు మీదే ఉంది. నిర్మలాదేవి దాన్ని చూడనట్టే దాటి, పెరట్లో ఉన్న కుండ దగ్గరికి మెల్లగా, చాలా మెల్లగా నడిచింది.