ఆర్మండ్ సగంలో ఆపేసిన ఆల్బమ్

మిల్వాకీలో వారానికి మూడు పొద్దుటిపూటలు ఆర్మండ్ టిస్‌డేల్‌కి డయాలసిస్ కుర్చీలోనే గడిచేవి. చేతికి రెండు సూదులు, పక్కన మెల్లగా తిరిగే యంత్రం. నాలుగు గంటలపాటు ఒంట్లో నెత్తురంతా బయటికి వెళ్లి, శుభ్రపడి, మళ్లీ లోపలికి వస్తుండేది. అంతసేపూ అతను నిద్రకీ మెలకువకీ మధ్య, ఏ గట్టూ అందని చోట తేలుతుండేవాడు.

ఆ ఫిబ్రవరి పొద్దున కిటికీ అవతల మంచు పడుతోంది. నర్సు జలీసా వార్డులో ఏదో పాట పెట్టింది. డ్రమ్ములు పక్కింట్లో ఎక్కడో మోగుతున్నంత మెత్తగా ఉన్నాయి. వాటి అడుగున బేస్ నీళ్లలా కదులుతోంది. పైన ఒక ఆడగొంతు, పాటా కాకుండా మాటా కాకుండా, చెవిలో రహస్యం చెప్పినట్టు ర్యాప్ చేస్తోంది. వింటూంటే ఆర్మండ్‌కి చిన్నప్పుడు వాళ్లమ్మ ఇస్త్రీ చేసిన చొక్కాల వాసన వచ్చింది. నాన్న భుజాల మీద కూచుని చూసిన సరస్సు, దాని మీద లేచే తెల్లటి ఆవిరి కనబడ్డాయి. కళ్లు తెరవకుండానే అడిగాడు.

“ఎవరమ్మా ఈ పాడేది?”

“కోల్డ్ పోర్చ్ వాళ్లు. మన ఊరివాళ్లేగా! ఇది వాళ్ల మూడో ఆల్బమ్. నేను కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ రోజూ ఇదే వినేదట.”

ఆర్మండ్ కళ్లు తెరిచాడు.

కోల్డ్ పోర్చ్‌ని ఊరికి పరిచయం చేసింది అతనే. అప్పట్లో స్థానిక రేడియోలో హిప్ హాప్ అంటే ఆర్మండే. వెర్లీన్ గాడిస్, క్లీటస్ బూన్ అనే ఇరవయ్యేళ్ల పిల్లలిద్దరు తెచ్చిన క్యాసెట్‌ని ఎవరూ ముట్టని రోజుల్లో తను వేశాడు. మొదటి రెండు ఆల్బమ్‌లూ రోడ్డు పగలగొట్టే యంత్రాల్లా దడదడలాడాయి. 1997లో వచ్చిన మూడోదాంట్లో ఆ దడదడ లేదు. రెండో పాట సగంలో ఉండగానే, ఊరంతా వింటుండగా, ఆర్మండ్ దాన్ని ఆపేశాడు. “వీళ్లు చప్పబడిపోయారర్రా! మనం పాతదే విందాం” అన్నాడు. ఊరు నవ్వింది. ఆల్బమ్ అక్కడే మునిగింది. ఏడాది తిరక్కుండా జట్టు విడిపోయింది. మిగతా పాటలు అతను ఏనాడూ వినలేదు.

ఇప్పుడు లేచి వెళ్లే వీల్లేదు. విన్నాడు. చివరి పాటలో వెర్లీన్ తమని ఆదుకున్నవాళ్లని వరసగా తలుచుకుంటోంది. అమ్మమ్మ. చర్చి వంటగది. టికెట్ అడగని బస్సు డ్రైవరు. ఆ తర్వాత: ‘ఆర్మండ్ తలుపు తీశాడు, చలిలోంచి మేం లోపలికొచ్చాం.’

జలీసా వచ్చి యంత్రం కేసి, అతని మొహం కేసి చూసింది. “బీపీ పెరిగింది. నొప్పిగా ఉందా ఆర్మండ్ గారూ?”

“ఉంది తల్లీ. సూది వల్ల కాదులే.”

శుక్రవారం సాయంత్రాలు వెర్లీన్ చర్చిలో వచ్చినవాళ్లందరికీ చేపలు వేయించి పెడుతుందని అతనికి తెలుసు. ఇన్నేళ్లూ ఆ వీధి తప్పించుకు తిరిగాడు. ఆ శుక్రవారం వెళ్లి వరసలో నిలబడ్డాడు. నెరిసిన జడలు వెనక్కి కట్టుకుని, పిండి చేతులతో ఆమె తలెత్తింది.

“ఏమయ్యా, దారి తప్పావా?”

“మూడో ఆల్బమ్ విన్నాను వెర్లీన్. చివరిదాకా.”

“ఓహో! ఇరవై ఏడేళ్లకి తీరిక దొరికిందన్నమాట.”

“చివరి పాటలో నా పేరుంది. నాకు తెలీదు.”

ఆమె చేతిలో చేప అలాగే ఉండిపోయింది. “తెలిసే ఆపావనుకున్నాం” అంది. గొంతులో ఎకసెక్కం పోయింది.

“తప్పయిపోయింది. అసలు ఆ దడదడ ఎందుకు మానేశారు?”

“క్లీటస్ కూతురు నెలలు నిండకుండా పుట్టింది. మేం పని చేసుకునే గదిలోనే దాని ఉయ్యాల. అది లేవకుండా మెల్లగా వాయించాల్సొచ్చింది. మొదట్లో చిరాకేసేది. రానురానూ, అరిచి చెప్పలేని మాటలన్నీ ఆ మెత్తదనంలో వాటంతటవే వచ్చాయి.” నూనెలో చేప వేసింది. “నాకు చెప్పుకుంటే ఏం లాభం? నవ్వించింది ఊరిని. వెళ్లి ఊరికి చెప్పు.”

పాత స్టేషన్‌వాళ్లు ఆదివారం మధ్యాహ్నం అతనికి ఒక గంట ఇచ్చారు. వెర్లీన్ పక్కన కూచుంది. “ఈ ఆల్బమ్‌ని వినకుండానే తీర్పు చెప్పాను. వాళ్లు ముందుకెళ్లారు, నేను పాతచోటే నిలబడి వాళ్లు చప్పబడ్డారన్నాను. ఇవాళ మొత్తం వేస్తాను” అని ఆర్మండ్ మైకు కట్టేశాడు.

కిటికీ బయట సరస్సూ ఆకాశమూ కలిసి ఒకే తెలుపైపోయాయి. గదిలో గడియారం ఉన్న సంగతే ఇద్దరూ మరిచారు. మూడో పాటకే ఫోన్లు మొదలయ్యాయి. ఒకావిడ మాట్లాడలేక ఏడ్చింది. ఒక పెద్దాయన “నువ్వు అప్పుడన్నదే రైటు, నిద్రొస్తోంది” అని విసుక్కుని పెట్టేశాడు. క్లీటస్ మాత్రం ఫోన్ చెయ్యలేదు. వెర్లీన్ కళ్లు మూసుకుని, పెదాలతోనే తన మాటల్ని అందుకుంటోంది.

నాలుగో పాట నడుస్తుండగా ఆర్మండ్ ఆమె వైపు వంగాడు. “ఒక్క మాట అననా? ఇది మాత్రం కాస్త సాగదీసినట్టుంది.”

వెర్లీన్ కళ్లు తెరవలేదు. “తెలుసు. అప్పుడే మొత్తుకున్నాను. క్లీటస్ వింటేగా!”

పాట ఇంకా సాగుతూనే ఉంది. ఇద్దరూ దాన్ని అలాగే సాగనిచ్చారు.