కవర్ ఫోటోలో ఎవరెవరు

"ఉద్యోగాల సైట్లో మొహం ఫోటో ఒక్కటుంటే సరిపోదు బావా, వెనకాల కూడా ఏదో ఒకటి ఉండాలి" అన్నాడు బావమరిది ఫోన్లో. ఉద్యోగాలిప్పించే ఏజెన్సీలో పనిచేస్తాడు కాబట్టి ఈమధ్య ఆ ఇంట్లో వాడి మాటే వేదం. "నీ పేజీ పైన ఆ ఖాళీ బూడిదరంగు పట్టీ కనిపిస్తే ఎవడూ కిందికి చదవడు. నీ కింద పదిమంది పనిచేసినట్టు తెలిసే కవర్ ఫోటో పెట్టు. సాయంత్రం నీ ప్రొఫైల్ మా మేనేజర్‌కి చూపిస్తా."

ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీలో రంగులేసే విభాగానికి, అంటే పెయింట్ షాపుకి ఇన్‌చార్జిగా వెలిగి, ఏడాదిగా ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్న మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? అన్నం కూడా మానేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆ సైట్ వాళ్లు ఊరికే ఇచ్చే బొమ్మల్లో ఎవరో ఎవరితోనో చేతులు కలుపుతున్నారు. గోటి సందుల్లో రంగు మరక లేని చేతులు ఏం పని చేస్తాయని విసుక్కున్నాడు.

చివరికి తన ఫోటోల్లో ఒకటి దొరికింది. రంగు కొట్టే కొత్త స్ప్రే బూత్ మొదలుపెట్టిన రోజు షాపంతా కలిసి దిగింది. నడుమ అతను, చుట్టూ తెల్లరంగు చుక్కలు పడ్డ బట్టల్లో అతని మనుషులు. బాగానే ఉంది. కాకపోతే ఎడమవైపు నిలబడ్డ వాళ్లందరినీ నిరుడు ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఎవరిని తీసేయాలో చెప్పమని పైవాళ్లు అడిగితే ఆ పేర్లు చెప్పింది ఇతనే. చెబితే తన కుర్చీ నిలుస్తుందనుకున్నాడు పాపం. నెల తిరక్కుండా దాన్నీ లాగేశారు.

ఈ ఫోటో వాళ్ల కంట పడితే? ఎడమవైపు మొత్తం కత్తిరించేశాడు.

"ఈ చెయ్యి ఎవరిదండీ?" వెనకనుంచి వంగి చూస్తూ అడిగింది భార్య.

అతని భుజం మీద మణికట్టు దాకా ఒక చెయ్యి మిగిలిపోయింది.

"బక్కోడిది."

అతనికి జబ్బు చేసినప్పుడు రెండు షిఫ్టులూ తానే లాగి, ఆ సంగతి పైవాళ్ల చెవిన పడకుండా కాచుకున్నది ఈ బక్కోడే. ఆమెకూ తెలుసు.

"ఉండనివ్వండి. చూసేవాళ్లకి స్నేహితుడి చెయ్యిలా ఉంటుంది."

"స్నేహితుడిదే" అన్నాడతను. సిగ్గుతో తల దించుకున్నాడు. దించుకునే ఫోటో ఎక్కించాడు.

టీ వేళకి మెసేజ్ వచ్చింది. మేనేజరేమోనని ఆత్రంగా తెరిస్తే బక్కోడు. తిడతాడనుకుని గుండె రాయి చేసుకున్నాడు. తిట్టినా బావుండేది.

"సార్, మీ కొత్త ఫోటో చూశాను. మంచి ఉద్యోగం వచ్చినట్టుంది, చాలా సంతోషం. మమ్మల్ని తీసేసినప్పుడు మీరెంత బాధపడి ఉంటారో అని మా ఆవిడతో ఇప్పటికీ అంటుంటాను. నాకింకా ఏమీ దొరకలేదు. ఇప్పుడు మీ చేతిలో ఏదైనా ఉంటే, ఊడ్చే పనైనా సరే, నన్ను మర్చిపోకండి సార్."

మళ్లీ మళ్లీ చదివాడు. జవాబు రాయబోయాడు. తనకే దిక్కులేదని రాయాలా? బాధపడలేదని, ఆ పేరు చెప్పింది తనేనని రాయాలా?

మెసేజ్ వచ్చిన చప్పుడు విని వంటింట్లోంచి భార్య గబగబా వచ్చింది. "ఏమండీ, ఎవరు? ఉద్యోగం గురించేనా?"

"ఆ" అన్నాడతను. "ఉద్యోగం గురించే."

ఎన్నాళ్లకో ఆమె మొహం కళకళలాడింది. ఆ మొహం చూడలేక అతను గోడవైపు తిరిగాడు.