మూడు గొంతుల డబ్బా

తన డబ్బాను గుర్తుపట్టడానికి సువార్తమ్మకు రెండు క్షణాలు పట్టింది. దానికి కొత్త అల్యూమినియం తొడుగు వేశారు. తొడుగు మీద ఎర్ర అక్షరాలు: తయారీ – వెంకట్రాజం, రేడియో మెకానిక్.

1987. హనుమకొండలో సైన్సు ప్రదర్శన. బల్ల మీద రబ్బరు మీటల హోమ్ కంప్యూటర్, ఒక టీవీ, ఒక టేప్ రికార్డర్. కంప్యూటర్ వెనక గాడిలో బిగించి ఉంది ఆ డబ్బా.

ఒంటరిగా ఆ కంప్యూటర్ కీచుమనడం తప్ప ఏమీ చేయలేదు. డబ్బా తగిలిస్తే ఒకేసారి మూడు గొంతులతో పాడుతుంది. ఆరు నెలలు, బడి నుంచి వచ్చాక, కాశిబుగ్గ ఇంట్లో కూర్చుని సువార్తమ్మ తన చేతులతో అతికింది దాన్ని. యాంప్లిఫయర్‌కు కలిపే వైరు వేయమని పదిహేను రోజుల కింద వెంకట్రాజం దుకాణంలో ఇచ్చింది. ప్రోగ్రాం ఉన్న క్యాసెట్, సర్క్యూట్ కాగితం కూడా ఇచ్చింది. "పార్ట్ రాలే చెల్లె, రేపు రా" అని తిప్పుతూనే ఉన్నాడు.

జడ్జీగా వచ్చిన హైదరాబాద్ ఇంజనీరు లక్ష్మీనారాయణ మైకు అందుకున్నాడు. "ఈ డబ్బా చేసిన మనిషికి మా కంపెనీలో ఉద్యోగం. ఉత్తరం ఇప్పుడే రాసిస్తాను."

"అయితే నా పేరు మీద రాయండి సార్. అది నాది."

హాలంతా ఇటు తిరిగింది. వెంకట్రాజం నవ్వాడు.

"ఏంది చెల్లె, వైరు వేయించుకోనీకి నా దగ్గరికొచ్చిన దానివి, చిప్పు సంగతి నీకేం ఎరుక? సారూ, ఈమె లెక్కల టీచరమ్మ. పిల్లలకు ఎక్కాలు చెప్తది."

"ఆ ఎక్కాలు నువ్వు కూడా నేర్చుకుంటే బాగుండు అన్నా. నాది నాకియ్యి."

జనం గొల్లుమన్నారు. లక్ష్మీనారాయణ చేయెత్తాడు. "రుజువు ఉందా అమ్మా? లేకపోతే ఆఫీసుకు అర్జీ పెట్టండి, చూద్దాం."

"అర్జీ పెట్టను. ఇక్కడనే తేలాలె."

తల్లి ఏసమ్మ వెనక నుంచి కొంగు లాగింది. "ఇగ పోదాం పా బిడ్డా. గాయనతోని మనకెందుకు లొల్లి?"

"నువ్వు జర ఆగే అమ్మా."

సువార్తమ్మ చూపు టేప్ రికార్డర్ మీద పడింది. లోపల ఉన్నది తన క్యాసెట్టే. ప్రోగ్రాం ఎక్కించిన రోజు ఇంట్లో ఖాళీ క్యాసెట్ లేదు. శుక్రవారం ఇంటి ప్రార్థన రికార్డు చేసిన క్యాసెట్టు మొదట్లో ఐదు నిమిషాలు చెరిపి ఎక్కించింది. అందుకు ఏసమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మిగిలిన ప్రార్థన అట్లాగే ఉంది. కంప్యూటర్ వైరు తగిలించి ఉన్నంతసేపు టేప్ రికార్డర్ స్పీకర్ పలకదు. ప్రోగ్రాం కంప్యూటర్‌లోకి ఎక్కగానే ఎవరైనా టేపు అక్కడే ఆపేస్తారు.

"అన్నా, ఈ క్యాసెట్ చివరిదాకా విన్నవా?"

"వినేదేముంది? గీ... అని ఒర్రుతది."

"వైరు పీకి వినిపిస్త. భయమా?"

అందరూ చూస్తున్నారు. వెంకట్రాజం ఛాతీ విరిచాడు. "నాకేం ఫికర్? పీకు!"

పీకింది. మీట నొక్కి మైకు దగ్గర పెట్టింది. చెవులు చిల్లులు పడే రొద రెండు సెకన్లు వచ్చి ఆగింది. వెంటనే ఒక ఆడగొంతు.

"ప్రభువా, నా బిడ్డ సువార్త పాటల డబ్బా పనిల పడ్డది. తిండి లేదు, నిద్ర లేదు. అడుగుకు చెక్క కావాల్నని నా కుట్టుమిషను సొరుగు కోసింది తండ్రీ. కోపంల రెండు దెబ్బలేసిన. నన్ను క్షమించు. దాని డబ్బా పలికేటట్టు చెయ్యి..."

"ఆమేన్" అన్నారు టేపులో పదిమంది.

ఏసమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, గిందరి ముందటనా!"

"తొడుగు విప్పండి" అన్నాడు లక్ష్మీనారాయణ.

వెంకట్రాజం గబుక్కున డబ్బా పట్టుకుని లాగబోయాడు.

"ఆగు!" సువార్తమ్మ కేక వేసింది. "ముందు కరెంటు బంద్ చెయ్యి. నడుస్తుండంగ పీకితే కంప్యూటర్ మాడిపోతది. చేసినోళ్లకు గది ఎరుకుండాలె."

అతను చేయి వెనక్కి తీసుకున్నాడు. ఆమే స్విచ్చి ఆపి, డబ్బా ఊడదీసి, మరలు విప్పింది. లోపల టేకు చెక్క. నడుమ, పిడి ఊడిన గుండ్రటి రంధ్రం.

"గదే నా సొరుగు!" అంది ఏసమ్మ, సిగ్గు మరిచి.

వెంకట్రాజం గొంతు తగ్గింది. "సారూ, ఇద్దరి పేర్లూ రాద్దాం. చెరి సగం..."

"సగం లేదు, పావు లేదు." సువార్తమ్మ అల్యూమినియం తొడుగును అతని చేతిలో పెట్టింది. "నీ పేరు నీ రేకు మీదనే ఉండనీ."

తొడుగు లేని డబ్బాను గాడిలో దించింది. స్విచ్చి వేసింది. టేపు వెనక్కి తిప్పి, వైరు తగిలించి, ప్రోగ్రాం ఎక్కించింది. ఆ ఐదు నిమిషాలూ హాల్లో ఒక్కరూ కదలలేదు.

లక్ష్మీనారాయణ కలం తీశాడు. "పేరు?"

"సువార్తమ్మ. పెద్ద అక్షరాలతో రాయండి సార్."

మీట నొక్కింది. మూడు గొంతులు ఒక్కసారిగా లేచాయి.