నన్ను సదువుకోనియ్యి

నాచారంలో నేను పనిచేసే మందుల ఫ్యాక్టరీలో, పదో తరగతి పాసైతేనే ప్యాకింగ్ లైనుకు ఇన్‌చార్జిని చేస్తామని మేనేజరు నాతో చెప్పాడు. అందరూ ఉప్పల్‌లోని ఉపేందర్ ట్యుటోరియల్‌కు పొమ్మన్నారు. ప్రైవేటుగా పది కట్టేవాళ్లు అక్కడికే పోతారు. మొదటి రోజే ఉపేందర్ నవ్వుతూ నాకు ధైర్యం చెప్పాడు.

“నర్సమ్మక్కా, నువ్వేం ఫికర్ జెయ్యకు. పరీక్ష రోజొచ్చి కూసో, సాలు. జవాబులు మేం జెప్తం.”

ఎంత మంచివాడో అనుకున్నారు మిగతావాళ్లు. నాకు ఒళ్లు మండింది. బుద్ధెరిగినప్పటి నుంచి నా బతుకంతా ఎవరో ఒకరు చదివి చెప్పిందే కదా! దవాఖానాలో చీటీ కాంపౌండరు చదివి చెప్పాలి. ఫ్యాక్టరీలో అట్టపెట్టె మీద ఇంగ్లీషులో ఏముందో నిన్నగాక మొన్న వచ్చిన పిల్లగాడు చదివి చెప్పాలి. రేపు ఇన్‌చార్జినయ్యాక పక్కన ఉపేందర్‌ని నిలబెట్టుకోవాలా?

అందుకే ఇంటర్ చదివే నా కూతురు దీప ముందు ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. దానికి ఓపిక తక్కువ, నాకు అంతకన్నా తక్కువ. ఒక్కడు పోతే మాట చివర ‘ఎస్’ తగిలించాలట, నలుగురు పోతే తీసెయ్యాలట.

“గిదేం లెక్కనే? మంది పెరిగితే అక్షరం తగ్గుతదా?” అని అడిగాను.

“లెక్క గాదమ్మా, గ్రామర్. మాట్లాడకుంట రాయి,” అంది దీప.

కొన్ని మాటల్లో అక్షరం ఉంటుంది కానీ పలకకూడదు. పలకనిదాన్ని ఎందుకు రాశారో దీపకూ తెలియదు. తెలియదని ఒప్పుకోదు కూడా.

నా భర్త కనకరాజు రామంతాపూర్ రూట్లో షేర్ ఆటో నడుపుతాడు. పొద్దున ఆయన పక్కన ఇరుక్కుని నేను పాఠం పైకి చదువుతుంటే వెనక కూర్చున్నవాళ్లు కిసుక్కున నవ్వేవారు. “నవ్వుకోనియ్యి. దిగెటోళ్లు దిగుతరు, నువ్వు సదువు,” అనేవాడు. తెలియని మాట దగ్గర ఆగిపోకుండా ముందుకు పొమ్మని, పోను పోను అదే తెలుస్తుందని దీప నేర్పింది. అలా పోతూ పోతూ ఒకనాడు పేరా మొత్తం ఎవరి సాయం లేకుండా అర్థమైంది. ఎంత సంతోషమైందో! ఆ సాయంత్రం ఇంటికి మిర్చి బజ్జీలు పట్టుకెళ్లాను.

ఇంగ్లీషు పరీక్ష ఒక ప్రైవేటు బడిలో పడింది. చదివి జవాబులు రాయాల్సిన పేరాలో ఒక పిల్ల కథ ఇచ్చారు. తల్లికి జ్వరం. మందు కాలువకు అవతల ఉంది. పడవవాడు రాలేదు. వేలు పెట్టి ఒక్కో మాటా చదువుకుంటూ, నేనూ ఆ పిల్లతో పాటు నీళ్లలోకి దిగాను. మోకాళ్ల దాకా వచ్చాయి. అప్పుడే తలుపు తోసుకుని ఉపేందర్ వచ్చాడు. కాపలా ఉండాల్సిన మేడం కిటికీ వైపు తిరిగింది.

“అందరు రాస్కోర్రి. ఒకటో జవాబు, పిల్ల తాడు వట్టుకొని కాలువ దాటింది.”

దాటిందట! నేనింకా సగం దూరమైనా పోలేదు.

“సారూ, జర ఆపు. నేను సదువుతున్న.”

“సదువుడెందుకక్కా? జెప్తున్న గదా!”

“నాకు జెప్పకు. నన్ను సదువుకోనియ్యి.”

గదంతా నా మీద లేచింది. “నీకొస్తే నువ్వు రాస్కో అక్కా, మా పొట్ట గొట్టకు,” అంది వెనక బెంచీ ఆమె. ఆమెకూ పిల్లలున్నారు, ఆమెకూ ఉద్యోగం కావాలి. ఆమె మీద నాకు కోపం రాలేదు. కానీ ఉపేందర్ గొంతు చెవిలో పడుతుంటే నా బుర్రలోకి ఏదీ ఎక్కడం లేదు. లేచి, నా బెంచీని వరండాలోకి ఈడ్చుకుపోయాను. ఆ చప్పుడుకు మేడం పరుగెత్తుకొచ్చింది.

“బయట కూర్చుని రాయడానికి రూల్స్ ఒప్పుకోవమ్మా!”

“లోపల జరిగేదానికి ఒప్పుకుంటయా మేడం?”

ఆమె మళ్లీ కిటికీ దగ్గరికి పోయింది. ఉపేందర్ మాత్రం గుమ్మంలో నిలబడి, “ఫెయిలైతే నా తాన ఏడ్వకు,” అన్నాడు.

“అయితే నేనే అయిత. నీకేం బోయింది?”

ఎండలో కూర్చుని కథ రెండుసార్లు చదివాను. ఆ పిల్ల స్థానంలో నువ్వుంటే ఏం చేసేదానివి అని చివరి ప్రశ్న. లోపల అందరూ ఉపేందర్ చెప్పిందే చేస్తామని రాస్తున్నారు. నేనైతే ముందు ఒడ్డున నిలబడి నలుగురినీ కేకేసేదాన్ని. అదే రాశాను. తప్పులు పడుతున్నాయని తెలుస్తూనే ఉంది. అయినా రాశాను.

ఇంగ్లీషులో బొటాబొటి మార్కులతో గట్టెక్కాను. మేనేజరు మాట నిలబెట్టుకున్నాడు. ఆ వారమే ఉప్పల్ చౌరస్తా దగ్గర రెయిలింగ్‌కు ఉపేందర్ పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. పై వరసలోనే నా ఫొటో! కనకరాజు ఆటో పక్కకు ఆపాడు. ఫొటో కింద ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. ఎవరినీ అడగకుండా, నిలబడి చదివాను. ఈమె రాసిన ప్రతి జవాబూ మేం నేర్పిందే అని ఉంది.

సంచిలోంచి ప్యాకింగ్ కట్టర్ తీసి ఫొటో చుట్టూ కోయడం మొదలుపెట్టాను. ఎదురుగా మేడ మీద ట్యుటోరియల్ నుంచి ఉపేందర్ ఉరికొచ్చాడు.

“అక్కా, ఏం జేస్తున్నవ్! ఇంగ్లీషుల ఏం రాపిచ్చిన్నో నీకు సమజైందా? నీ గురించి మంచిగనే రాపిచ్చిన!”

“సమజైంది. గందుకే కోస్తున్న.”